కొత్త ఇళ్లు కట్టినా పాత పేదలకు ఎందుకు దక్కలేదు? లండన్ ఓల్డ్ నికల్ వాడ లెక్కలు

1900 మార్చి 3న లండన్ తూర్పు భాగంలో బౌండరీ ఎస్టేట్ అనే ఇళ్ల సముదాయాన్ని వేల్స్ యువరాజు ప్రారంభించాడు. పదేళ్ల క్రితం దాకా అక్కడ ఉన్నది ఓల్డ్ నికల్ అనే పేదవాడ. దాన్ని పడగొట్టినప్పుడు గూడు పోయినవాళ్లు 5,719 మంది. కొత్త ఇళ్లలో 5,524 మందికి చోటుంది. అంటే ఇంచుమించు సరికి సరి. అయినా పాతవాళ్లలో కొత్త ఇంటి గడప తొక్కింది 11 మందేనని చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే లెక్క.

ఎవరో డబ్బు తినేశారనో, ఇళ్లు నాసిగా కట్టారనో అనుకుంటే పొరపాటు. ఇళ్లు గట్టిగా కట్టారు, ఇప్పటికీ జనం ఉంటున్నారు. తేడా వేరే చోట వచ్చింది. మురికివాడల గురించి ఇప్పుడు మనం వినే వాదనల్లో "పక్కా ఇల్లు ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి?" అన్న ప్రశ్న ఒకటి. ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడ చిక్కుపడిందో ఓల్డ్ నికల్ లెక్కల్లో బాగా కనిపిస్తుంది.

వాడ ఎలా ఉండేదంటే

షోర్‌డిచ్ హైస్ట్రీట్‌కి తూర్పున, బెత్నల్ గ్రీన్ అంచున సుమారు 15 ఎకరాల నేల. అందులో 730 దాకా ఇళ్లు. సగటున ఇంటికి 8 మంది. ఇళ్లు చిన్నవి కాబట్టి ఒక కుటుంబానికి ఒక గది అన్నది అక్కడ మామూలు సంగతి.

కట్టుబడి సంగతి చెప్పాలి. చాలా ఇళ్లకు సరైన పునాది లేదు, మట్టి నేల మీదే చెక్కలు పరిచారు. సున్నం ఖరీదని, సబ్బు తయారీలో మిగిలే వ్యర్థాన్ని అడుసులో కలిపి ఇటుకలు పేర్చారు. దాన్ని అక్కడ బిల్లీస్వీట్ అనేవారు. అది ఎన్నేళ్లైనా పూర్తిగా ఆరదు, బిగుసుకోదు. అందుకే గోడలు ఎప్పుడూ నెమ్ముగానే ఉండి, ఏ వైపుకో ఒరిగేవి. ఇలాంటి గోడకు పైన ఎంత పూత పూసినా లాభం లేదు, పెచ్చులూడుతూనే ఉంటుంది. మరమ్మతు చేద్దామా, పడగొడదామా అన్న చర్చలో ఈ బిల్లీస్వీట్ పాత్ర చాలామంది అనుకునేదానికన్నా పెద్దది.

నీళ్లు ప్రైవేటు కంపెనీలు ఇచ్చేవి. పైపులో రోజూ కాసేపే వచ్చేవి. ఆ కాసేపట్లో పెరట్లోని పీపాలోనో తొట్టెలోనో పట్టుకోవాలి. మూత లేని తొట్టె, పక్కనే మరుగుదొడ్డి, రెండిటికీ కలిపి అరడజను కుటుంబాలు. 1880ల చివర్లో వాడలో మరణాల రేటు వెయ్యికి 40 దరిదాపుల్లో ఉంటే, బెత్నల్ గ్రీన్ మొత్తానికి అది 22, 23 మాత్రమే.

ఇక్కడే ఒక పాత అంకె గురించి చిన్న హెచ్చరిక. 1842లో ప్రజారోగ్య సంస్కర్త ఎడ్విన్ చాడ్విక్ ఇచ్చిన నివేదిక ప్రకారం బెత్నల్ గ్రీన్‌లో చనిపోయినప్పటి సగటు వయసు పెద్దింటివాళ్లకు 45, వ్యాపారులకు 26, కూలీలకు 16. కూలీలంతా 16 ఏళ్లకే పోయారని దీని అర్థం కాదు. పసిపిల్లల చావులు అంత ఎక్కువ, అందుకే సగటు అంత కిందికి దిగింది.

మురుగు బాగు చేస్తే కలరా ఎందుకు పెరిగింది

చాడ్విక్ తరంవాళ్లు రోగానికి మూలం దుర్వాసన అని నమ్మారు. ఆ నమ్మకం తప్పు. అయినా దాని వల్ల జరిగిన పనులన్నీ తప్పు కాదు, అదే ఈ కథలో తికమక పెట్టే భాగం.

అప్పటిదాకా ఇంటి మలం ఇంటి కిందో, పెరట్లోనో తవ్విన గుంటలో చేరేది. నిండితే మనుషులు తోడి, బండ్లలో పొలాలకు తీసుకెళ్లేవారు. గుంట గోడలు ఇటుకవి కాబట్టి నీరు నేలలోకి ఇంకి, బావుల్లోకి చేరేది. 1840ల చివర్లో అధికారులు గుంటలు మూసి, ఇళ్లను వీధి కాలువలకు కలపమన్నారు. ఇంట్లో వాసన తగ్గింది. కానీ ఆ కాలువలన్నీ నేరుగా థేమ్స్‌లో పడేవి, తాగునీటి కంపెనీలు కొన్ని అదే నదిలోంచి నీళ్లు తోడేవి. ఇంట్లో ఉన్న మురికి అందరి గ్లాసుల్లోకి చేరింది. 1848-49లోనూ, 1854లోనూ కలరా విజృంభించింది. 1854లో బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ చావులను గుర్తించి, రోగం నీటి ద్వారా వస్తోందని వైద్యుడు జాన్ స్నో చూపించాడు.

1858 వేసవిలో నది కంపు పార్లమెంటునే కదిలించాక ఇంజనీరు జోసెఫ్ బాజల్గెట్ పని మొదలైంది. నదికి సమాంతరంగా 82 మైళ్ల పెద్ద కాలువలు తవ్వి, మురుగును ఊరికి తూర్పున చాలా దూరం తీసుకెళ్లి వదలడం ఆ పథకం. 1866 నాటికి నగరంలో చాలా భాగం అయిపోయింది, తూర్పు భాగం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. ఆ ఏడే ఈస్ట్ లండన్ వాటర్ కంపెనీ ఓల్డ్ ఫోర్డ్ దగ్గర మూత లేని చెరువులోని నీటిని వడపోత లేకుండా పైపుల్లోకి వదిలింది. తూర్పు లండన్‌లో 5,000 మందికి పైగా కలరాతో చనిపోయారు. మిగతా నగరం చాలావరకు తప్పించుకుంది. పెద్ద కాలువ ఒక్కటే చాలదని, నీళ్ల పైపు, మురుగు పైపు రెండూ సరిగ్గా ఉండాలని తేలింది.

ఇంటి లోపలి పైపు: అసలు పని ఆగేది ఇక్కడే

వీధి కింద ఎంత గొప్ప కాలువ ఉన్నా ఇంటినుంచి అక్కడిదాకా పైపు వేసే బాధ్యత ఇంటి యజమానిది. ఆ పైపు వాటం తప్పితే అంతా వృథా. ఆ కాలపు పనివాళ్లు వాడిన లెక్క ఇప్పటికీ మన ప్లంబర్లకు పనికొస్తుంది. పైపు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని 10తో గుణించాలి. 4 అంగుళాల పైపుకి 40 అడుగులకు 1 అడుగు వాటం, 6 అంగుళాల దానికి 60 అడుగులకు 1 అడుగు.

పెరట్లోని మరుగుదొడ్డి నుంచి వీధి కాలువకు 30 అడుగులనుకుందాం. 4 అంగుళాల పైపుకి 9 అంగుళాల వాటం కావాలి, 6 అంగుళాల పైపుకి 6 చాలు. చిన్న అంకెలే. కానీ పెరడు వీధికన్నా పల్లంలో ఉండి, వీధి కాలువ పాతకాలంలో పైపైనే వేసిందైతే ఆ 6 అంగుళాలు కూడా దొరకవు. అప్పుడు నీరు ముందుకు పోతుంది, గట్టి పదార్థం వెనక నిలిచిపోతుంది. వానకు కాలువ నిండితే మురుగు వెనక్కి ఎగదన్ని కింది గదిలోకి వస్తుంది.

పాత ఇటుక తూములైతే మరీ చెడ్డవి. అడుగు చదునుగా, గరుకుగా ఉండటంతో బురద పట్టేస్తుంది, సందుల్లోంచి నీరు ఊరుతుంది. వాటి స్థానంలో మెరుపు పూసిన పింగాణీ గొట్టాలు వచ్చాయి. వాటినీ చెడగొట్టే దారులున్నాయి. సిమెంటు బదులు బంకమట్టితో అతుకులు వేస్తే కొన్నాళ్లకే కారుతాయి. గొట్టం పొడవునా నేల ఆనకుండా, అతుకు దగ్గర లావుగా ఉండే చివర మీదే బరువు పడేలా పరిస్తే మధ్యలో పగులుతుంది.

దొడ్డి కింద వంపు తిరిగి నీరు నిలిచే ట్రాప్ ఉంటుంది. ఆ నీరే కాలువ గాలిని ఇంట్లోకి రాకుండా ఆపుతుంది. పై అంతస్తు నుంచి నీరు ఒక్కసారిగా దిగితే వెనకాల ఉన్న నీటిని కూడా లాగేసుకుపోతుంది, ట్రాప్ ఖాళీ అవుతుంది. అందుకే పైకప్పు దాకా గాలి గొట్టం పెట్టాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న మేస్త్రీ మొదట వదిలేసేది దాన్నే.

కారుతోందో లేదో తెలుసుకునే పరీక్ష సరదాగా ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ మనిషి కప్పెక్కి గొట్టంలో పిప్పర్‌మెంట్ నూనె పోసి, వెంటనే వేడినీళ్లు పోస్తాడు. రెండోవాడు కింద గదుల్లో వాసన చూస్తూ తిరుగుతాడు. ఏ గదిలో పిప్పర్‌మెంట్ వాసన వస్తే అక్కడ అతుకు పోయినట్టు. నూనె పోసినవాడు పని అయ్యేదాకా ఇంట్లోకి రాకూడదు, వాడి బట్టల వాసనే పరీక్షను చెడగొడుతుంది.

ఇంత చేసినా కడగడానికి నీళ్లుండాలి కదా. అప్పటి నిబంధనల్లో దొడ్డి తొట్టెలోంచి ఒక్కసారి వదిలే నీళ్లు 2 గ్యాలన్లు, అంటే సుమారు 9 లీటర్లు. రోజంతా నీళ్లు రాని ఇంట్లో ఆ తొట్టె ఎప్పుడూ ఖాళీయే. 1871 చట్టం నిరంతర సరఫరాకి దారి తెరిచినా, ఇంట్లోని పాత పైపులు మార్చే ఖర్చు మళ్లీ యజమాని మీదే పడింది. అతను ఎందుకు పెట్టలేదో చూడాలంటే అద్దె లెక్కలోకి వెళ్లాలి.

అద్దె గొలుసు

"యజమాని" అని మనం ఒక్క మాటలో అంటున్నాం గానీ అక్కడ ముగ్గురు నలుగురుండేవారు. నేల ఒకరిది. దాన్ని దీర్ఘకాలం లీజుకు తీసుకున్నవాడు ఇంకొకడు. అతని దగ్గర ఇల్లు మొత్తం తీసుకుని గదుల లెక్కన వారం అద్దెకిచ్చే దళారీ మూడోవాడు. ఒక్కోసారి గది తీసుకున్నవాళ్లే మూల ఒకటి మరొకరికి ఇచ్చేవారు.

లెక్క అర్థం కావడానికి ఒక ఇల్లు ఊహించుకుందాం. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. ఆరు గదులు, గదికి వారానికి రెండున్నర షిల్లింగులు. వారానికి 15 షిల్లింగులు, ఏడాదికి 39 పౌండ్లు. దళారీ పైవాడికి 24 పౌండ్లు కట్టాడనుకుంటే మిగిలేది 15. పన్నులు, ఖాళీ వారాలు, చెప్పకుండా ఖాళీ చేసి పోయినవాళ్ల బాకీలు పోను 8 మిగిలిందనుకుందాం. కొత్త పైపు, దొడ్డికి 16 పౌండ్లయితే అది రెండేళ్ల సంపాదన. లీజు రెండేళ్లలో ముగిసేదైతే ఆ పని చేసి అతనికి ఒరిగేదేమీ లేదు, బాగుపడిన ఇల్లు నేల యజమానికి పోతుంది. నేల యజమానికేమో లీజు ముగిసేదాకా ఇంటిని తాకే అవసరం లేదు.

మరి చట్టం? పారిష్ అనే స్థానిక విభాగాలకు ఒక ఆరోగ్య వైద్యాధికారి, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు ఉండేవారు. ఆరోగ్యానికి హాని చేసే పరిస్థితిని తొలగించమని నోటీసు ఇచ్చే అధికారం 1855, 1866 చట్టాలు ఇచ్చాయి. ఆ అధికారులకు జీతం ఇచ్చేది వెస్ట్రీ అనే స్థానిక సభ. అందులో కూర్చునేవాళ్లలో అలాంటి ఇళ్లున్నవాళ్లే ఉండేవారు. ఎక్కువ నోటీసులిచ్చే ఇన్‌స్పెక్టరును వాళ్లు ఎలా చూస్తారో ఊహించడం కష్టం కాదు.

పడగొడితే ఎవరికి లాభం

1868 టారెన్స్ చట్టం ఒక్కో చెడ్డ ఇంటి మీద చర్యకు దారి తీస్తే, 1875 క్రాస్ చట్టం వాడను మొత్తంగా కొని పడగొట్టే అధికారం ఇచ్చింది. పరిహారం మాత్రం వచ్చే అద్దెను బట్టి లెక్కకట్టడంతో చిక్కొచ్చింది. ఒకే రకం ఇళ్లు రెండు. ఒకదాంట్లో నాలుగు గదులే అద్దెకిచ్చారు, ఏడాదికి 26 పౌండ్లు. రెండోదాంట్లో ఆరూ కుక్కేశారు, 39 పౌండ్లు. ఎనిమిదేళ్ల అద్దె చొప్పున ధర కడితే మొదటిదానికి 208, రెండోదానికి 312. ఎంత ఇరికిస్తే అంత ఎక్కువ ముట్టింది. కొన్న నేలను పేదల ఇళ్లకే వాడాలన్న షరతుతో అమ్మేసరికి ధర పడిపోయేది. ఆ తేడా పన్ను కట్టేవాళ్ల నెత్తిన పడింది. 1879 సవరణ ఈ పరిహారానికి కోత పెట్టింది. 1884-85 రాయల్ కమిషన్ తర్వాత వచ్చిన 1890 చట్టం వీటన్నిటినీ ఒకచోట చేర్చింది. అప్పటికి ఏడాది వయసున్న లండన్ కౌంటీ కౌన్సిల్ అనే నగర పాలక సంస్థ దాని కింద చేపట్టిన పెద్ద పనే ఓల్డ్ నికల్.

ఎవరి వాదన ఏమిటి

పడగొట్టవద్దు అన్నవాళ్లలో ముఖ్యురాలు ఆక్టేవియా హిల్. 1865లో జాన్ రస్కిన్ కొనిచ్చిన మూడు పాత ఇళ్లతో మొదలుపెట్టింది. వారం వారం మహిళా కార్యకర్తలు స్వయంగా వెళ్లి అద్దె వసూలు చేస్తారు, మిగిలినదాంతో కప్పు, గోడ, పైపు కొంచెం కొంచెంగా బాగు చేస్తారు, పెట్టుబడికి 5 శాతం ఇస్తారు. ప్రతి గదికీ కుళాయి అక్కర్లేదు, అంతస్తుకి ఒకటి చాలు అనేది ఆమె. పిసినారితనంలా వినిపిస్తుంది గానీ అద్దె పెరగకుండా ఉండటానికి ఆమె దగ్గరున్న దారి అదే. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. ఒక్కొక్క ఇల్లుగా ఎన్ని బాగు చేయగలరు? బిల్లీస్వీట్ గోడలను ఎవరు నిలబెట్టగలరు?

1862లో మొదలైన పీబాడీ ట్రస్టు కొత్త భవనాలు కట్టింది. శుభ్రంగా, గట్టిగా ఉండేవి. స్థిరమైన జీతం ఉన్నవాళ్లకే అవి అందేవి, ఇంట్లో చేతిపని చేసుకోనిచ్చేవారు కాదు.

దీన్ని సమర్థించేవాళ్లు మరో మాట చెప్పారు. మంచి ఇంటికి పై మెట్టు కార్మికుడే వచ్చాడనుకోండి, అతను వదిలిన గది కింది మెట్టువాడికి దొరుకుతుంది కదా అని. ఊళ్లో గదుల సంఖ్య జనాభా కన్నా వేగంగా పెరిగితే ఈ మాట నిలుస్తుంది. తూర్పు లండన్‌లో జనం పెరుగుతుంటే రైల్వేలు, గోదాములు, కొత్త రోడ్లు ఇళ్లను తినేశాయి. పైగా పాత ఇల్లు ముందు పడుతుంది, కొత్తది ఏళ్ల తర్వాత లేస్తుంది. మధ్యలో ఆ మనుషులు పక్క వీధుల్లో సర్దుకున్నారు, అక్కడ ఇరుకు పెరిగింది.

5,524 అనే అంకె లోపల

బౌండరీ ఎస్టేట్‌లో మొత్తం 1,069 ఇళ్లు. ఒక గదివి 15, రెండు గదులవి 541, మూడు గదులవి 400, నాలుగువి 103, అయిదువి 7, ఆరువి 3. కూడితే 2,762 గదులు. గదికి ఇద్దరు చొప్పున గుణిస్తే సరిగ్గా 5,524. అంటే ఆ అంకె మనుషులను లెక్కపెట్టగా వచ్చింది కాదు, గదులను 2తో గుణిస్తే వచ్చింది.

ఇప్పుడు ఆరోగ్య నిబంధన చూడండి. పగలూ రాత్రీ ఉండే గదిలో పెద్దవాళ్లకు 400 ఘనపుటడుగుల గాలి, పిల్లలకు అందులో సగం ఉండాలన్నది అప్పటి లెక్క. 10 అడుగుల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తున్న గదిలో 800 ఘనపుటడుగులు. భార్యాభర్తలకు, నలుగురు పిల్లలకు కావలసింది 1,600. పాత వాడలో ఆ కుటుంబం ఒక గదిలో ఉండేది. కొత్త చోట చట్టప్రకారం రెండు కావాలి.

బౌండరీ ఎస్టేట్‌లో గది అద్దె వారానికి సుమారు 3 షిల్లింగులు. పాత వాడ అద్దెకన్నా మరీ ఎక్కువేం కాదు. కౌన్సిల్ కూడా చుట్టుపక్కల అద్దెలను మించకూడదనే నియమం పెట్టుకుంది. అదే సమయంలో వడ్డీ, అసలు అద్దెల్లోంచే తీరాలనీ అంది. కాబట్టి ఒక గదికి దాదాపు 3 ఇచ్చేవాడు ఇప్పుడు రెండు గదులకు 6 ఇవ్వాలి. 1889 సమ్మె తర్వాత రేవు కూలీకి గంటకు 6 పెన్నీలు. వారంలో మూడు రోజులు, రోజుకు 8 గంటలు పని దొరికితే 12 షిల్లింగులు. అందులో సగం అద్దెకే పోతుంది. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు అగ్గిపెట్టెలు అతికితే 144 పెట్టెలకు రెండుంపావు పెన్నీలు, జిగురు ఖర్చు వాళ్లదే. అదనపు గది అద్దె 3 షిల్లింగులు రావాలంటే వారానికి 2,304 పెట్టెలు. అన్ని పెట్టెలు ఆరబెట్టే చోటు, తోపుడుబండి నిలిపే చోటు, గాడిదను కట్టేసే చోటు పాత పెరట్లో ఉండేవి. కొత్త భవనంలో లేవు. విడిగా కొన్ని వర్క్‌షాపులు కట్టారు గానీ వాటికీ అద్దే.

అందుకే గుమస్తాలు, పోలీసులు, నైపుణ్యమున్న వడ్రంగులు వచ్చి చేరారు. కౌన్సిల్ తప్పు చేసిందా అంటే నా మటుకు కౌన్సిల్ కన్నా నియమాల అమరికదే తప్పు అనిపిస్తుంది. ఒకే గదిలో ఆరుగురు ఉండటం నేరమంది చట్టం. రెండో గది డబ్బు ఎక్కడిదో ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఇదే నమూనా మన దాకా

ఈ ఆలోచన సముద్రం దాటి వచ్చింది. గ్లాస్గో 1866లో పెట్టుకున్న ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును చూసి, 1896 ప్లేగు తర్వాత బొంబాయిలో 1898లో అలాంటిదే పెట్టారు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. రోడ్ల వెడల్పు, ఇరుకు వాడల తొలగింపు, నమూనా ఇళ్లు అన్నీ దాని పనుల్లో ఉన్నాయి.

ఇంగ్లండ్‌లో ఆ రెండో గది డబ్బు గురించి చట్టం నోరు విప్పడానికి 1930 దాకా పట్టింది. 1919 చట్టం ప్రభుత్వ సబ్సిడీ తెచ్చింది గానీ దాన్ని ఇళ్లకు ఇచ్చింది. 1930 గ్రీన్‌వుడ్ చట్టం మాత్రం వాడ ఖాళీ చేయించి మళ్లీ ఇల్లిచ్చిన మనుషుల లెక్కన ఇచ్చింది: పట్టణాల్లో మనిషికి ఏడాదికి 2 పౌండ్ల 5 షిల్లింగులు, 40 ఏళ్ల పాటు. అయిదుగురి కుటుంబానికి ఏడాదికి 11 పౌండ్ల 5 షిల్లింగులు, వారానికి సుమారు 4 షిల్లింగుల 4 పెన్నీలు. పిల్లలు ఎక్కువైతే సబ్సిడీ కూడా పెరుగుతుంది. ఆ డబ్బుతో పేద కుటుంబాలకు అద్దె తగ్గించే వీలు కూడా స్థానిక సంస్థలకు అప్పుడే దొరికింది.